ఆపరేటరమ్మ ఊ కొట్టిన కథలు

మా యూనివర్సిటీలో ఒకప్పుడు మూడు వందల నలభై ఫోన్లు ఉండేవి. ఆ నంబర్లన్నీ ఒకే ఒక్క మనిషికి నోటికి వచ్చు. హాజరు పట్టీలో ఆవిడకూ ఒక పేరు ఉండే ఉంటుంది గానీ, వైస్ ఛాన్సలర్ దగ్గర్నుంచి తోటమాలి దాకా అందరికీ ఆవిడ ఆపరేటరమ్మే. ఫోనెత్తి మనం "కెమిస్ట్రీ..." అనేలోపు కెమిస్ట్రీ ల్యాబులో గంట మోగేది. మోగకపోతే "వాళ్లు భోజనానికెళ్లారండీ, రెండింటికి చేయండి" అని ఆవిడ గొంతు వినిపించేది.

ఆవిడకు ఏడో ఏట విషజ్వరం వచ్చి చూపు పోయింది. తండ్రి ఇళ్లకు రంగులు వేసే మనిషి. పని నుంచి రాగానే గుమ్మం మెట్ల మీద కూర్చుని, చేతులకంటిన రంగు కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటూ పిల్లలకు కథ చెప్పేవాడట. ఆయనకొక పంతం. ఎవరో ఒకరు ఊ కొడుతూ ఉండాలి. ఊ వినబడకపోతే, రాజకుమారుడు నూతిలో పడి ఉన్నా సరే, అక్కడే వదిలేసి స్నానానికి లేచిపోయేవాడు. అన్నయ్యలిద్దరూ గోళీల ధ్యాసలో పడి మరిచిపోయేవాళ్లు. చివరిదాకా ఊ కొట్టేది ఈ ఒక్క పిల్లే.

"పాపం, నూతిలో వదిలేస్తే ఎలాగండీ? అందుకని కొట్టేదాన్ని" అని నాతో ఒకసారి అంది.

అంధుల పాఠశాలలో చుక్కల లిపి నేర్చుకుని, టెలిఫోన్ పని నేర్చుకుని, ఇరవై మూడో ఏట మా యూనివర్సిటీకి వచ్చింది. మిగతా చోట్ల ఫోను వస్తే బోర్డు మీద దీపం వెలుగుతుంది. ఆవిడ బోర్డులో దీపం బదులు చిన్న మేకు లాంటిది పైకి లేచేది. వేళ్లతో ఒక్కసారి తడిమి, ఎక్కడ లేచిందో పట్టుకుని, తీగ తీసి అక్కడ గుచ్చేది. ఎంత వేగమంటే, వీణ వాయిస్తోందా ఫోన్లు కలుపుతోందా అనిపించేది.

ఆవిడకు అబద్ధం చెప్పడం బొత్తిగా చేతకాదు. పెద్దాఫీసర్లు "నేను లేనని చెప్పమ్మా" అంటే తప్పదు కాబట్టి చెప్పేది. కానీ "ఆయన సీట్లో లేరు" అనేది కాదు, "లేరట" అనేది. ఆ 'ట' ఒక్కటీ చాలు, అవతలివాళ్లకు సంగతంతా బోధపడేది.

"కళ్లు పోతే చెవులు పదునెక్కుతాయంటారు, నిజమేనా?" అని అడిగేవాళ్లు మా ఆఫీసులో చాలామంది ఉండేవారు. అడిగించుకుని అడిగించుకుని విసిగిపోయి ఒక జవాబు సిద్ధంగా పెట్టుకుంది. "అదేం లేదండీ. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఇరవై ఆరేళ్లు వినండి, మీకూ పదునెక్కుతాయి."

ఆ ఇరవై ఆరో ఏటే ఎక్స్‌ఛేంజ్ మూసేశారు. అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చేశాయి, బోర్డుతో పని లేకుండా పోయింది. ఒక సోమవారం మనుషులు వచ్చి బోర్డు విప్పి, తీగలు చుట్టలు చుట్టి పట్టుకుపోయారు. ఆవిడకు ఇంకా తొమ్మిదేళ్ల సర్వీసు ఉంది. ఏం చేయాలో ఎవరికీ తోచక, లైబ్రరీ భవనం మొదటి అంతస్తు చివరి గదిలో ఒక బల్ల వేసి, 'విచారణలు' అని అట్టముక్క తగిలించి కూర్చోబెట్టారు. పక్క గది మాది, రికార్డుల సెక్షన్. నేను అక్కడ గుమాస్తాని. రెండు గదులకూ మధ్య ఉన్నది ఒక్క చెక్క గోడే కాబట్టి, ఆ తర్వాత జరిగినవన్నీ నేను చాలావరకు చెవులారా విన్నవే.

విచారించడానికి ఒక్కరూ వచ్చేవాళ్లు కాదు. విచారణల బల్ల దగ్గర విచారంగా కూర్చోవడమే పనైపోయిందని మేము జోకులేసుకునేవాళ్లం. ఆవిడ మాత్రం నవ్వేది కాదు. భర్త బస్టాండు పక్కన వాచీలు బాగుచేసే కొట్టు నడుపుతాడు. రోజూ సాయంత్రం ఆవిడను తీసుకెళ్లడానికి వచ్చేవాడు.

"అంత బాధగా ఉంటే మానెయ్యవే. ఇంట్లో కూర్చుందువుగాని" అన్నాడు ఒక రోజు మెట్లు దిగుతూ.

"ఇక్కడా కూర్చోవడమే, ఇంట్లోనూ కూర్చోవడమే. నాకు కావాల్సింది కుర్చీ కాదు" అంది ఆవిడ.

యూనివర్సిటీలో చూపులేని విద్యార్థులకు పాఠాలు చదివిపెట్టే స్వచ్ఛంద బృందం ఒకటి ఉంది. ఆవిడ తన పేరు కూడా రాయించుకుంది. పాఠాలు కాదు, వారపత్రికలు చదివిపెడితే చాలంది. మంగళ, శుక్రవారాలు నాలుగింటికి ఒక అమ్మాయిని పంపారు. భూగర్భశాస్త్రం చదివే పిల్ల. సంచి నిండా ఎప్పుడూ రాళ్లే. మా సెక్షన్‌లో దానికి గులకరాయి అని పేరు పెట్టేశాం. పిల్ల కూడా చిన్నగా, గుండ్రంగా, ఎవరితోనూ మాట్లాడకుండా అలాగే ఉండేది.

నెల రోజులు సజావుగా గడిచింది. ఒక శుక్రవారం ఆ పిల్ల, "ఈ వారం మంచి కథ వచ్చిందండీ" అని మొదలుపెట్టింది. రాళ్ల క్వారీలో కంకర కొట్టే ఒక అమ్మమ్మ కథ అది. ఆమె మనవరాలు కాలేజీలో రాళ్ల గురించి చదువుకుంటూ ఉంటుంది. సెలవులకు వచ్చి, తన పుస్తకంలోని రాళ్ల పేర్లు అమ్మమ్మకు చెబుతుంది. అమ్మమ్మ చిన్నప్పట్నుంచీ పగలగొడుతున్న రాళ్లకు అంతంత పేర్లున్నాయని మొదటిసారి వింటుంది. పది నిమిషాల్లో అయిపోయింది.

"ఎవరు రాశారన్నావు?" అంది ఆపరేటరమ్మ.

"ఎవరో అండీ. కొత్త రచయిత."

"వారపత్రిక కాగితం పల్చగా ఉంటుంది, తిప్పితే గలగలమంటుంది. నువ్వు తిప్పింది నోటుపుస్తకం."

చెక్క గోడకు ఇవతల నేను రాస్తున్న కలం ఆపేశాను.

"అదీగాక, వేరేవాళ్ల కథలు బస్సు వెళ్లిపోతుందన్నట్టు చదువుతావు. దీంట్లో అమ్మమ్మ అన్న మాట వచ్చినప్పుడల్లా గుటక మింగావు. నీదే కదూ?"

నోటుపుస్తకం మూసిన చప్పుడైంది. తర్వాత చిన్న గొంతుతో, "బాగుందాండీ?" అని వినిపించింది.

"సగం."

"ఏ సగం?"

"అమ్మమ్మ మాట్లాడినంతసేపూ బాగుంది. నువ్వు మాట్లాడటం మొదలుపెట్టాకే నాకు ఆవలింత వచ్చింది. ఆ చివర్న ఏం రాశావు? 'ఆమె కన్నుల్లో దుఃఖసాగరం ఉప్పొంగింది.' నిజంగా ఉప్పొంగిందా?"

"లేదండీ."

"మరి ఆ పేర్లన్నీ విని మీ అమ్మమ్మ ఏమంది?"

"ఏమీ అనలేదు. 'సరేలే, ఆ సుత్తి అటు పెట్టు' అంది."

"అదే రాయి."

"ఏ రాయండీ?"

ఆ మాటకు ఇద్దరూ ఒకేసారి పకపకా నవ్వారు. ఎక్స్‌ఛేంజ్ మూశాక ఆవిడ నవ్వు వినడం నాకు అదే మొదలు.

గులకరాయి వెళ్లి హాస్టల్లో చెప్పింది. కథలు రాసి పరుపుల కింద దాచుకునే పిల్లలు మన కళ్లకు కనబడరు గానీ, ప్రతి అంతస్తులోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. ముందు ఒకరు వచ్చారు, తర్వాత నలుగురు. జంతుశాస్త్రం ల్యాబులో సీసాలు కడిగే సహాయకురాలు, ఆవిడకు నలభై ఏళ్లు, చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడింది. లెక్కల్లో పరిశోధన చేసే కుర్రాడొకడు, నత్తి వల్ల క్లాసులో నోరు తెరవనివాడు, మూడు వారాలు ఊరికే వచ్చి కూర్చుని వెళ్లి, నాలుగో వారం జేబులోంచి కాగితాలు తీశాడు. శుక్రవారం నాలుగైతే మా గదిలో కుర్చీలు మాకు మిగిలేవి కావు.

ఆవిడ పద్ధతి ఒక్కటే. కథ పైకి చదవాలి. చదివే ముందు ఇది ఎందుకు రాశానంటే, ఇందులో నేను చెప్పదలచుకున్నదేమిటంటే అనకూడదు. ఆవిడ ఊ కొడుతూ వింటుంది. ఊ ఆగిందంటే కథ అక్కడ చచ్చిపోయిందని అర్థం. పిల్లలు పెన్సిలు చేతిలో పట్టుకుని చదివేవాళ్లు. ఊ ఆగిన చోట అడ్డగీత గీసుకుని, గదికి పోయి ఆ చోట తిరగరాసుకుని, మళ్లీ వచ్చేవాళ్లు. ఒక్కో కాగితం చూస్తే గీతలతో నిచ్చెనలాగా ఉండేది. ఆవిడ ఇలా మార్చు, అలా మార్చు అని ఎన్నడూ చెప్పలేదు. "నాకు రాయడం రాదమ్మా. నాకు వినడం ఒక్కటే వచ్చు" అనేది.

యూనివర్సిటీ సాంస్కృతిక విభాగం ఏటా 'కొత్త కథకుల సభ' అని ఒకటి జరిపేది. ఆ ఏడు గులకరాయి కథ ఎంపికైంది. ఆపరేటరమ్మ భర్తను కూడా లాక్కుని వెళ్లి మూడో వరసలో కూర్చుంది. నేనూ వెళ్లాను. సభ పెద్ద ఆడిటోరియంలో. ముఖ్య అతిథి తన బాల్యం గురించి యాభై నిమిషాలు మాట్లాడాడు. ఆయన తర్వాత ఇంకో ఇద్దరు, ఆ ముఖ్య అతిథి ఎంత గొప్పవాడో మాట్లాడారు. కొత్త కథకులు ఎనిమిదిమందీ ఆసుపత్రిలో వంతు కోసం కూర్చున్నట్టు పక్కనున్న బల్ల మీద కూర్చున్నారు. ఆరింటికి బస్సులు. ఆరుకు పది నిమిషాల ముందు నుంచీ మడత కుర్చీలు ఫటఫటమని మూసుకోవడం మొదలైంది. గులకరాయిని పిలిచేసరికి హాల్లో పదకొండుమంది మిగిలాం. "రెండు నిమిషాల్లో ముగించెయ్యమ్మా" అన్నారు. ఆ పిల్ల రెండు పేరాలు చదివి దిగి వచ్చేసింది. అమ్మమ్మ ఇంకా నోరు కూడా విప్పలేదు.

మర్నాడు ఉదయం పదింటికల్లా ఆపరేటరమ్మ చేతికర్ర పట్టుకుని సాంస్కృతిక విభాగం అధికారి గదికి వెళ్లింది. ఆయనకు పంపాల్సిన దస్త్రం ఒకటి ఉందని వంక పెట్టుకుని నేనూ వెంట వెళ్లాను.

"సార్, నిన్నటి సభ ఎవరిదండీ?"

"అదేంటమ్మా, కొత్త కథకులది."

"ఎనిమిదిమందీ కలిపి మాట్లాడింది పదహారు నిమిషాలు. ముఖ్య అతిథిగారు ఒక్కరే యాభై. పెళ్లికొడుకును వీధిలో నిలబెట్టి లోపల పెళ్లి చేసినట్టుందండీ."

ఆయన చెడ్డవాడేం కాదు, కాకపోతే అలసిపోయిన మనిషి. "అమ్మా, మీరు వెళ్లి మీ విచారణల బల్ల చూసుకోండి" అన్నాడు.

"విచారించడానికే వచ్చానండి."

ఆయనకు నవ్వొచ్చింది. ఆ నవ్వులో, "అన్నీ తెలిసినవారు, వచ్చే ఏడు మీరే నడపండి అయితే" అనేశాడు.

"సరేనండి. కాగితం మీద రాసివ్వండి."

అప్పటికే గుమ్మం దగ్గర ఇద్దరు టైపిస్టులు నిలబడి వింటున్నారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఆయన రాసిచ్చాడు.

అలా మరుసటి ఏడు ప్రకటన ఆవిడ చెబితే నేను రాశాను. యూనివర్సిటీలో చదివేవాళ్లు, పనిచేసేవాళ్లు ఎవరైనా సరే కథ పంపవచ్చు. ఇంతకుముందు ఏ పత్రికలోనూ కథ అచ్చయి ఉండకూడదు. కథ మీద పేరు రాయకూడదు. పేర్లు విడిగా నా దగ్గర, రికార్డుల బీరువాలో తాళం వేసి ఉంటాయి, కథలకు నంబర్లు మాత్రమే ఉంటాయి. అరవై ఒక్క కథలు వచ్చాయి.

చదివేదెవరు? శుక్రవారం పిల్లలు చదివితే, గొంతును బట్టి రాసిందెవరో ఆవిడ ఇట్టే పట్టేస్తుంది. అందుకని ఆవిడ ఎవరూ ఊహించని మనిషిని ఎంచుకుంది. తన భర్తను. ఆయన చదవడమంటే రైళ్ల టైంటేబుల్ చదివినట్టే. కామా లేదు, ఫుల్‌స్టాపు లేదు, ఏడుపూ నవ్వూ ఒకటే స్వరం.

"ఆయన చేత ఎందుకండీ, కథలు చచ్చిపోతాయి!" అంది గులకరాయి.

"మా ఆయన చదివినా బతికిందంటే అది కథే" అంది ఆవిడ.

ఆరు వారాల పాటు, సాయంత్రాలు, వాచీల కొట్లో ఆ చదువు సాగింది. ఒక కంటికి భూతద్దం, చేతిలో పట్టకారు, పక్కన కాగితాల దొంతర. ఒక వాచీ మూత బిగించగానే ఒక కథ. ఆవిడ స్టూలు మీద కూర్చుని ఊ కొట్టేది, లేదా కొట్టడం మానేసేది. పంతొమ్మిదో నంబరు కథ చదువుతుండగా ఎవరో వాచీ కోసం వచ్చి తొందర పెట్టాడట. ఈయన తల ఎత్తకుండా, "ఆగవయ్యా, ఆ ముసలాయన ఇంకా ఇల్లు చేరలేదు" అన్నాడట. ఆ సంగతి చెబుతూ ఆవిడ మురిసిపోయింది. పెళ్లైన పాతికేళ్లలో ఆయన కథల పుస్తకం ముట్టడం ఎరగదు మరి.

ముప్పై నాలుగో నంబరు దగ్గర మాత్రం రెండో పేజీలోనే ఊ ఆగింది. మూడో పేజీలో ఆయనకే కునుకు పట్టి, తల వెళ్లి బల్లకు కొట్టుకుంది. ఆ కథ పక్కన పెట్టేశారు.

ఎంపికైన ఎనిమిది నంబర్లూ నోటీసు బోర్డులో పెట్టిన రోజే అధికారి మా గదులున్న వైపు వచ్చాడు.

"అమ్మా, ఆ ముప్పై నాలుగో నంబరు సంగతి ఒక్కసారి చూడండి."

"విన్నానండీ. బాగా రాలేదు."

"అది డీన్‌గారబ్బాయిది."

"నంబరుకు తండ్రి ఉంటాడని నాకు తెలియదండీ."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "డీన్‌గారు బాధపడతారమ్మా. మీ బల్ల, మీ శుక్రవారాలు, అన్నీ ఆయన సంతకం మీదే నడుస్తున్నాయి."

"అలాగైతే ఆయన్నే వచ్చి చదవమనండి. బాగుంటే ఊ కొడతాను. బాగాలేకపోతే డీన్‌గారని ఊ ఎలా వస్తుందండీ? అది గొంతులోంచి రావాలి కదా."

డీన్‌గారు రాలేదు గానీ రెండు రోజుల తర్వాత అబ్బాయి వచ్చాడు. తలుపు తీసిన తీరులోనే కోపం ఉంది.

"మేడమ్, నా కథలో ఏం తక్కువైంది?"

"తెలియదు బాబూ. నువ్వే చదువు, ఇద్దరం విందాం."

చదివాడు. ఒక బిచ్చగాడు వంతెన కింద కూర్చుని జీవితం గురించి ఆలోచిస్తూ ఉంటాడు. నాలుగు పేజీలూ ఆలోచిస్తూనే ఉంటాడు. గొంతు బాగుంది, మాటలూ నున్నగానే ఉన్నాయి. కానీ నాలుగు పేజీల్లో ఒక్క ఊ కూడా వినబడలేదు. చెక్క గోడకు ఇవతల మాకే ఇబ్బందిగా అనిపించింది.

"మీరు ఊ అనట్లేదు" అన్నాడు కుర్రాడు, చివరికి.

"నీకు తెలిసిన బిచ్చగాడు ఒక్కడైనా ఉన్నాడా?"

"లేడు."

"పోనీ, నీకు బాగా తెలిసిన మనిషి ఎవరు?"

"మా నాన్న. ఆయన మీటింగుకు వెళ్లే ముందు రోజూ అద్దంలో నవ్వడం ప్రాక్టీసు చేస్తారు. నేను తలుపు సందులోంచి చూశాను, చిన్నప్పుడు."

"ఊ" అంది ఆపరేటరమ్మ.

కుర్రాడు టక్కున ఆగిపోయాడు. తను అప్పుడే కథ మొదలుపెట్టానని వాడికి అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. "అది రాస్తే ఇంట్లోంచి తరిమేస్తారు మేడమ్" అన్నాడు.

"తరమనీ, తరమకపోనీ, అది మీ ఇంటి సంగతి. ఈ ఏడు జాబితా అయిపోయింది, దాన్ని మార్చను. శుక్రవారం నాలుగింటికి మాత్రం నా తలుపు తీసే ఉంటుంది."

వాడు కాగితాలు మడుచుకుని వెళ్లిపోయాడు. ఆ రోజంతా ఆవిడ తనలో తాను లేదు. "గట్టిగా మాట్లాడానంటారా?" అని నన్ను రెండుసార్లు అడిగింది. "బల్ల తీసేస్తే తీసేయనివ్వండి" అని మళ్లీ తనే అంది. బల్ల ఎవరూ తీయలేదు.

సభ రోజు వచ్చింది. ఆడిటోరియం వద్దని, లైబ్రరీ చదువుల హాలు అడిగి తీసుకుంది. నూట ఇరవై కుర్చీలు. బస్సుల బాధ లేకుండా మూడున్నరకే మొదలు. వేదిక లేదు, ముఖ్య అతిథి లేడు. ఒక్కో కథకు పన్నెండు నిమిషాలు. అధికారికి స్వాగతం చెప్పడానికి ఒక్క నిమిషం ఇచ్చింది. ఆయన లేచి, "అందరికీ నమస్కారం. వినండి" అని కూర్చున్నాడు. ఆయన జీవితంలో చేసిన ఉపన్యాసాలన్నిటికంటే దానికే ఎక్కువ చప్పట్లు పడ్డాయి. ఆయన సిగ్గుపడి, ముఖం మీది చెమట తుడుచుకున్నాడు.

మొదట ల్యాబు సహాయకురాలు చదివింది. ముందు వరసలో ఆపరేటరమ్మ అలవాటు కొద్దీ ఊ అంది. మైకు లేకపోయినా ఆ ఊ హాలంతా వినిపించింది. రెండో కథకు వెనక వరసలో ఎవరో ఊ అన్నారు. శుక్రవారం పిల్లలు అందుకున్నారు. మూడో కథకల్లా మా రికార్డుల సెక్షన్ వాళ్లతో సహా అందరం ఊ కొడుతున్నాం.

నాలుగోవాడు లెక్కల కుర్రాడు. పంతొమ్మిదో నంబరు అతనిదే. బీరువా తెరిచి పేర్లు చూసిన రోజు ఆపరేటరమ్మ ఎంత సంబరపడిందో చెప్పలేను. అతను మాత్రం తన కథ వేరేవాళ్ల చేత చదివించమని బతిమాలుకున్నాడు. "నీకు మాట ఆగిన చోట మేం ఊ అంటాం. ఆ లోపల నువ్వు ఊపిరి తీసుకో" అంది ఆవిడ. అలాగే జరిగింది. రెండో వాక్యంలోనే మాట అడ్డుపడింది. హాలు ఊ అంది. అతను ఊపిరి తీసుకుని ముందుకు వెళ్లాడు. మూడు పేజీలయ్యాక ఊ కొట్టేవాళ్లు మేము, కథ చెప్పేవాడు అతను, అంతే. ఆగింది నత్తి వల్లనా, ముసలాయన దారి తప్పినందువల్లనా అన్నది మాకు గుర్తే లేదు. పన్నెండు నిమిషాల కథకు పంతొమ్మిది నిమిషాలు పట్టింది. ఒక్క కుర్చీ కదల్లేదు.

ఆఖర్న గులకరాయి. ఏడాదిలో ఆ కథను పద్నాలుగుసార్లు తిరగరాసింది. అంతకంటే పెద్ద విశేషం, వాళ్ల అమ్మమ్మ వచ్చింది. ఎండకు రాటుదేలిన మనిషి, మోచేతుల దాకా మచ్చలు. మనవరాలు తన గురించే రాసిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చదువు మొదలైన కాసేపటికి ఆమె మెడ చాచి ముందుకు వంగింది. అటూ ఇటూ చూసింది, ఈ సంగతులు ఈ మందికంతా ఎలా తెలిశాయా అన్నట్టు.

"పేర్లన్నీ విని అమ్మమ్మ, 'సరేలే, ఆ సుత్తి అటు పెట్టు' అంది" అని చదివింది గులకరాయి.

"సుత్తి కాదే, సమ్మెట!" అని అమ్మమ్మ గట్టిగా అరిచింది. "సుత్తితో పగిలే రాయా అది!"

హాలు గొల్లుమంది. గులకరాయి ఎర్రబడిపోయి, కాగితం మీద కొట్టివేసి, "'సరేలే, ఆ సమ్మెట అటు పెట్టు' అంది" అని మళ్లీ చదివింది. అమ్మమ్మ "ఆ, అదీ" అని వెనక్కి ఆనుకుంది. అక్కడ్నుంచి చివరిదాకా అందరికంటే బిగ్గరగా ఊ కొట్టింది ఆమే.

అయిపోయాక ఎవరూ లేవలేదు. ఇంకో కథ ఉందేమోనని కూర్చునే ఉన్నారు. ఆపరేటరమ్మే లేచి, "అయిపోయిందండీ, ఇళ్లకు వెళ్లండి" అనాల్సి వచ్చింది.

మర్నాడు నేను ఆవిడ గదికి వెళ్లి, "గర్వంగా ఉందా?" అని అడిగాను. ఎప్పుడూ 'నాదేముందండీ' అనే మనిషి, ఆ రోజు అలా అనలేదు.

"ఉందండీ. చాలా ఉంది. ఇరవై ఆరేళ్లు ఒకళ్ల మాటను ఇంకొకళ్లకు కలిపాను. కలిపాక మధ్యలో నేను వినకూడదు, అది రూలు. విన్నా విననట్టుండాలి. నిన్న కూడా కలిపాను. కానీ నిన్న నన్నూ విననిచ్చారు."

డీన్‌గారబ్బాయి ఆరు నెలల పాటు కనబడలేదు. ఒక శుక్రవారం వచ్చి వెనక కూర్చున్నాడు. మరుసటి ఏడు పన్నెండో నంబరు వాడిదైంది, అద్దం ముందు నవ్వే తండ్రి కథ. సభలో చదివాడు కూడా. డీన్‌గారు ఏమనుకున్నారో మాకు తెలియదు. మనిషిని పంపి పుస్తకం రెండు కాపీలు తెప్పించుకున్నారు, అంతవరకే తెలుసు.

పుస్తకం అంటే, రెండో ఏటి నుంచీ ఆ ఎనిమిది కథలనూ యూనివర్సిటీయే అచ్చు వేయిస్తోంది. ఇప్పటికి ఏడు పుస్తకాలొచ్చాయి. వాటిలో తమ మొదటి కథను అచ్చులో చూసుకున్నవాళ్లు యాభై ఆరుమంది. కొందరు మానేశారు. కొందరు పెద్ద పత్రికల్లో రాస్తున్నారు. గులకరాయి ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ సొంతంగా ఒక సంపుటి తెచ్చింది. లెక్కల కుర్రాడు ఇప్పుడు మాతో బాటు కూర్చుని కొత్తవాళ్ల కథలు వింటాడు, ఊ కొట్టడంలో మహా పిసినారి. ల్యాబు సహాయకురాలు సీసాలు కడగడం మానలేదు, రాయడమూ మానలేదు.

ఆపరేటరమ్మ కిందటేడు రిటైరైంది. వీడ్కోలు సభలో ఆవిడ గురించి వైస్ ఛాన్సలర్ నాలుగు నిమిషాలు మాట్లాడాడు. ఐదో నిమిషంలోకి వెళ్లడానికి ఆయనకు కూడా ధైర్యం చాలలేదని మా వాళ్లు నవ్వుకున్నారు. కథలు వినే పని మాత్రం ఎవరూ ఆవిడ దగ్గర్నుంచి తీసుకోలేదు, ఆవిడా ఎవరికీ ఇవ్వలేదు. ఈ ఏడు నూట నలభై మూడు కథలు వచ్చాయి. వాచీల కొట్టాయన వాటన్నిటినీ అదే టైంటేబుల్ స్వరంలో చదివిపెట్టాడు. కాకపోతే ఈ మధ్య ఆయనకూ అభిప్రాయాలు వచ్చేశాయి.

మొన్న నేను కొట్టుకు వెళ్లేసరికి మొగుడూ పెళ్లాలిద్దరూ చెరో వైపు తిరిగి కూర్చుని ఉన్నారు. డెబ్భై ఒకటో నంబరు కథ ఆయనకు తెగ నచ్చింది. ఆవిడ మూడో పేజీలో ఊ ఆపేసింది.

"నాకు నచ్చింది. నీకు నచ్చకపోతే నీ ఖర్మ" అంటున్నాడాయన, పట్టకారు ఊపుతూ.

"సరే, రేపు మళ్లీ చదవండి, వింటాను" అంది ఆవిడ. "ఈసారి కాస్త ఫుల్‌స్టాపు ఉన్న చోట ఆగి చదవండి."